గొంతు దిగని ముద్ద

ప్రియమైన మైకు రాణికి,

నీ గొంతులోని క్యాన్సర్‌కి రేడియేషన్ మొదలుపెడుతున్నారని తెలిసినప్పటి నుంచి నా మనసు వంట మీద లేదు. నిన్న ఓడలో అందరికీ ఉప్పు లేని సూప్ పోశాను. అందరూ అలాగే తాగేశారు, పాపం.

మా ఇంజనీరు ఏమన్నాడంటే, "ఒంట్లో కణాలు కూడా ఇనుములాగే తుప్పు పడతాయి వంటన్నా. ఆ తుప్పుని ఆపేవే యాంటీ ఆక్సిడెంట్లు" అని. వెంటనే రేవులో దిగి, షాపులో ఉన్నవాటన్నిటిలోకీ పెద్ద సీసా కొని పార్సిల్ చేశాను. పూటకి రెండు మాత్రలు వేసుకో.

నడిసముద్రంలో ఫోన్ అందదు. అందినా నువ్వు మాట్లాడకూడదు కదా. స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పీ చెప్పీ నీకు ఊరుకోవడం చేతకాదు. అందుకే ఉత్తరం.

నీ,
గరిటె దొర


ప్రియమైన గరిటె దొరగారికి,

సీసా అందింది. సీసానా అది, బిందెలా ఉంది! నేను బాగున్నాను. వేళకి తింటున్నాను: క్యారెట్టు, పాలకూర, గుడ్లు, పండ్లు. అక్క రోజూ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తోంది.

నా బదులు మైకు దగ్గర కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. ప్లాట్‌ఫారం నంబరు చెప్పేటప్పుడు తడబడుతోందట. లోలోపల నాకెంత సంతోషమో! తిట్టకండి.

మీ,
రాణి


ప్రియమైన రాణీ,

ఇది అందగానే ఆ మాత్రలు ఆపెయ్. రేవు నుంచి అక్కకి ఫోన్ చేస్తే కలవలేదు. మాట మార్చానని నవ్వకు.

మమ్మల్ని పరీక్షించడానికి రేవులో ఒక డాక్టరుగారు వచ్చారు. నీకు సీసా పంపానని గొప్పగా చెప్పాను. ఆయన వెంటనే తల అడ్డంగా ఊపారు. "అంత మోతాదులో వేసుకుంటే అవి మంచి కణాలతో పాటు క్యాన్సర్ కణాల్నీ కాపాడొచ్చు. రేడియేషన్‌కే అడ్డం పడొచ్చు. తిండిలోంచి వచ్చేది వేరు, అది తిననివ్వండి" అన్నారు.

మేలు చేద్దామని పోయి నీ మీదకి గండం తెచ్చానేమో. ఎన్ని వేసుకున్నావో దాచకుండా రాయి.

బెంగతో,
నీ దొర


ప్రియమైన మీకు,

ఒక్కటి కూడా వేసుకోలేదండీ. సీసా రాగానే డాక్టరమ్మకి చూపించాను. ఆవిడా ఆ మాటే చెప్పింది. మీరంత ఆశగా పంపితే, వద్దని రాయడానికి చెయ్యి రాలేదు.

కానీ నేను తింటున్నాననడం అబద్ధం. నోరంతా పూసింది. మంచినీళ్ళు మింగినా గాజుముక్కలు దిగుతున్నట్టుంటుంది. అక్క పెట్టినదంతా, తను అటు తిరగ్గానే పారబోస్తున్నాను. బట్టలు ఒంటి మీద నిలవడం లేదు.

నిన్న డాక్టరమ్మ కోప్పడింది. "ఈ కిరణాలు మంచి కణాల్ని కూడా గాయపరుస్తాయమ్మా. అవి మళ్ళీ కోలుకోవాలంటే పాలూ గుడ్లూ కావాలి, రంగురంగుల కూరలూ పండ్లూ కావాలి. ఇలాగే చిక్కిపోతే తిండి పంపడానికి గొట్టం వెయ్యాలి, లేదా వైద్యం మధ్యలో ఆపాలి" అంది.

వంటవాడి పెళ్ళాం తిండి లేక మాడుతోందని మీకెలా రాయను? భయంగా ఉందండీ. మైకు పోతే పోయింది, మీతో పోట్లాడడానికైనా గొంతు మిగలాలి.

మీ,
రాణి


నా పిచ్చి రాణీ,

సంగతి చెప్పగానే కెప్టెన్ అన్నాడు: "సామాను సర్దుకో. నీ వంట తినకపోతే మేమేం చావం." ఇంజనీరు గరిటె పట్టాడు. ఇక వాళ్ళని దేవుడే కాపాడాలి! ఇక్కడే దిగిపోతున్నాను. ఈ ఉత్తరం వెనకే నేనూ వస్తున్నాను.

రేవు నుంచి ఫోన్ చేసి మీ డాక్టరమ్మతో మాట్లాడాను. తినే ముందు నోరు మొద్దుబారడానికి మందు ఇస్తానంది. మిగతాది నాకు వదిలెయ్. గుమ్మడికాయ మెత్తగా ఉడికించి, పాలూ ఉడికిన గుడ్డు సొనా కలిపి మెదిపి, వడకట్టి, చల్లార్చి పెడతాను. కారం ఉండదు, పులుపు ఉండదు, ఒక్క పలుకు తగలదు. ఒక చెంచా మింగు. రెండోదానికి ఎంతసేపైనా కూర్చుంటాను. మొదటిసారి ఓడెక్కి, కడుపులో తిప్పి ముద్ద ముట్టనివాళ్ళ చేత కూడా తినిపించిన చెయ్యి ఇది.

నన్ను చూడగానే మాట్లాడబోయేవు! తలుపు తియ్యి, చాలు. నోరు తెరిపించే పని నాది.

దారిలో ఉన్న,
నీ దొర