పడుకోబెట్టిన పిడికిలి

మార్చి 3

మా ఆవిడ తమ్ముడు ట్రాన్స్‌ఫర్ మీద మా యూనిట్‌కే వచ్చాడు. వాడు బ్యాగు దించకముందే ఆవిడ వాడి భుజాలు తడిమి మురిసిపోయింది. నా భుజాలూ అదే గదిలో ఉన్నాయి.

ఫిట్‌నెస్ టెస్ట్ రూల్స్ మార్చారు. ఇక వయసుకి కన్సెషన్ లేదు, సైనికులందరికీ ఒకటే స్టాండర్డ్. ఫస్ట్ వచ్చినవాడికి ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, యూనిట్‌కు ఒకటే సీటు. ఇన్‌స్ట్రక్టరైతే దూరం పోస్టింగులుండవు. పాప నన్ను ఫోన్లో నాన్నా అంటుంది, ఎదురుగా వస్తే దాక్కుంటుంది. ఈసారైనా ఆ సీటు తెచ్చుకోమని మా ఆవిడ మరీ మరీ చెప్పింది. తెచ్చుకుంటాను.

మార్చి 5

పరుగులో వాడు నన్ను దాటేశాడు. దాటుతూ, పద బావా అన్నాడు. ఒళ్ళు మండింది.

మార్చి 9

పుషప్స్‌కు జంటలు కట్టారు. నేనూ వాడూ ఒక జంట. చేసేవాడి ఛాతీ కింద జంటవాడు బొటనవేలు పైకి వచ్చేలా పిడికిలి నిలబెట్టి పెట్టాలి. ఛాతీ దానికి తగిలితేనే లెక్క. వాడి పాత యూనిట్‌లో స్పాంజి ముక్క పెట్టేవారట, పిడికిలి సంగతి తెలియదు.

సాయంత్రం స్టోర్ రూమ్ వెనక మేమిద్దరమే. నేను పిడికిలి పడుకోబెట్టాను. ఎత్తు తగ్గిపోతుంది, అంతకంత లోతుకు దిగాలి. ఇంత కిందకా బావా అన్నాడు. ఇక్కడ ఇంతే అన్నాను. నా వంతు వచ్చేసరికి భుజం నొప్పి అని తప్పించుకున్నాను. నా ప్రాక్టీస్ నేను విడిగా చేసుకుంటాను.

మార్చి 14

వాడు సగంలోనే చతికిలపడుతున్నాడు. తమ్ముడు సరిగ్గా తినడం లేదని మా ఆవిడకు బెంగ. నేను రెండోసారి వడ్డించుకున్నాను. సిగ్గేసింది కానీ తినడం ఆపలేదు.

మార్చి 22

దిగుతున్నాడు వెధవ. పడుకోబెట్టిన పిడికిలికే ఛాతీ ఆనించి లేస్తున్నాడు. ఛాతీ పెరిగి చొక్కా గుండీలు పట్టడం లేదట, మా ఆవిడ జరిపి కుడుతోంది. నా చొక్కా భుజం దగ్గర చినిగి నెలయింది. ఎవరికి పట్టింది?

మార్చి 29, పొద్దున 5

ఇవాళే టెస్ట్. వాడు ఇంకా గుర్రు పెడుతున్నాడు. అదీ కుళ్ళే నాకు.

మార్చి 29, సాయంత్రం

ముందు వాడి వంతు. ఆఫీసర్ మా పక్కనే నిలబడ్డాడు. భయపడి పిడికిలి నిలబెట్టే పెట్టాను. లోతుకు అలవాటుపడ్డవాడికి అదో లెక్కా? ఆడుతూ పాడుతూ చేసుకుపోయాడు. లెక్కపెట్టలేక నా గొంతు ఎండిపోయింది.

తర్వాత నా వంతు. ఆఫీసర్ అవతలి జంట దగ్గరికి వెళ్ళాడు. వాడు నా ఛాతీ కింద పిడికిలి పడుకోబెట్టాడు.

నిలబెట్టరా అనడానికి నోరు రాలేదు. పక్కవాళ్ళు వింటే, పడుకోబెట్టమని ఎవరు నేర్పారని అడుగుతారు. దిగాను, తగల్లేదు. ఇంకొంచెం బావా, ఇంకొంచెం అని వాడు బతిమాలాడు. వాడి కళ్ళలో నీళ్ళు. నేను చేసినవాటిలో సగం లెక్కలోకి రాలేదు. సీటు వాడికే.

మార్చి 30

పెళ్ళయినప్పటి నుంచీ మా ఆవిడ నన్ను ఇలా చూడలేదు.

తమ్ముడు ఆవిడ దగ్గర ఏడ్చాడట. బావ నా కోసం పిడికిలి నిలబెట్టాడక్కా, నేను మాత్రం బావ దగ్గర రూల్ తప్పలేకపోయాను అన్నాడట. ఆఫీసర్‌కు అంతా చెప్పి సీటు వదులుకుంటానని బూట్లు కూడా వేసుకున్నాడు. గుమ్మానికి అడ్డం నిలబడి ఆపాను. వాడు నోరు తెరిస్తే నా బండారం బయటపడుతుంది మరి. వాడు నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. మా ఆవిడ కళ్ళొత్తుకుంది. పాప కూడా వచ్చి నా కాలు పట్టుకుంది.

ఏప్రిల్ 2

కోర్సు టైమ్‌టేబుల్ బోర్డు మీద పెట్టారు. వాడి మొదటి క్లాసు రేపే. పిడికిలి ఎలా పెట్టాలి అన్నది పాఠం.

మా ఆవిడ నా చొక్కా కుడుతోంది.