ఫోన్ మోగని రెండు రోజులు

అక్కకి,

తమ్ముడు నమస్కారం పెట్టి రాసేది. ఇక్కడ అందరం కులాసా. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు, అందుకని రాశాను. తింటున్నాం, పడుకుంటున్నాం, పనికి వెళ్తున్నాం. నీ మేనకోడలికి ముందుపన్ను ఊడింది. పొద్దస్తమానం అద్దం ముందు నిలబడి ఆ సందులోంచి ఈల వేస్తోంది. బావ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దన్నానని చెప్పు. నా మాట వింటాడని కాదనుకో.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. కవరు చూడగానే నీ మరదలు హడలిపోయింది, ఈ రోజుల్లో ఉత్తరం వచ్చిందంటే ఏం కొంప మునిగిందోనని. అమ్మ పోయినప్పటినుంచీ ఫోన్ మోగితే గుండె దడదడలాడుతోందనీ, అందుకే రాస్తున్నావనీ చదివి ఊరుకుంది. "వెంటనే జవాబు రాయండి" అని మాత్రం అంది. అప్పట్నుంచీ రోజూ అంటూనే ఉంది, నేను రోజూ "ఆఁ, రాస్తాలే" అంటూనే ఉన్నాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. అమ్మ బట్టలు నీ మరదలే సర్దింది. రెండు పెట్టెలయ్యాయి. బూడిదరంగు శాలువా నీకని విడిగా తీసిపెట్టింది, ఉతకలేదు. ఉతకొద్దని నేనే చెప్పాను.

రెండోది, ఏడ్చానా అని. లేదక్కా. ఏడుపు రావట్లేదు. పన్ను పీకేముందు సూది వేస్తే బుగ్గ మొద్దుబారిపోతుంది చూడు, గిల్లినా తెలీదు, ఒళ్ళంతా అలాగే ఉంది. మొన్న తలుపు సందులో వేలు పడింది. నెత్తురు కారుతోందని నీ మరదలు కేకపెడితే అప్పుడు చూసుకున్నాను. అందరూ "పాపం, గుండె దిటవు చేసుకున్నాడు" అంటున్నారు. దిటవూ లేదు, పాడూ లేదు.

మూడోది నీ మాటల్లోనే రాస్తాను. "ఆ మంగళవారం నేను చేసినప్పుడు అమ్మ మాట్లాడనందని చెప్పావు. అచ్చంగా ఏమందో ఆ మాటే రాయి. ఆపరేషన్ వద్దందని 'చస్తే చావు' అని అరిచి వచ్చినదాన్ని, అమ్మ ఎంత మాటన్నా పడతాను" అని రాశావు. దానికీ జవాబు రాస్తాను. కాస్త ఓపిక పట్టు.

ముందు నా పని గురించి చెప్పాలి. నువ్వు నన్ను 'ఇంటర్నెట్ వాడు' అంటావే గానీ నేనేం చేస్తానో ఎప్పుడూ అడగలేదు. పొద్దున ఇళ్ళకి వెళ్ళి వైఫై పెట్టెలు బిగిస్తాను, పాడైతే బాగుచేస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, ఫిర్యాదు చేసినవాళ్ళతో మాట్లాడి, ఇక్కణ్ణించే వాళ్ళ లైను సరిచేస్తాను. ఆ మూడు గంటలూ నా లైను తెగకూడదు.

పోయిన సోమవారం ఒక ఇంటికి వెళ్ళాను. ఆయన బస్సు డ్రైవరుగా చేసి మానేశాడట. తలుపు తియ్యడంతోనే మొదలుపెట్టాడు.

"మా మరదలు ఫోన్ చేసిందంటే చాలు బాబూ, నా కంప్యూటర్‌కి మూర్ఛ వస్తుంది. ఆవిడ పెట్టెయ్యగానే మళ్ళీ లేచి కూర్చుంటుంది."

"మా చెల్లెలి మీద పడి ఏడవకపోతే ఈయనకి పొద్దుపోదు" అని లోపలనుంచి వాళ్ళావిడ.

వెళ్ళి చూస్తే ఏముంది, వైఫై పెట్టె పక్కనే, భుజాలు రాసుకునేంత దగ్గరగా, కార్డ్‌లెస్ ఫోన్ని నిలబెట్టే దిమ్మ. ఇద్దరికీ చెప్పాను. వైఫై గాల్లోనే మాట్లాడుతుంది, తీగలేని ఫోనూ గాల్లోనే మాట్లాడుతుంది. కొన్ని ఫోన్లు వైఫై వాడే దారిలోనే పోతాయి, దాంతో ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. రెంటికీ మధ్య కనీసం పది అడుగులు ఉండాలి. వంటింట్లో మైక్రోవేవ్ పక్కన అసలే పెట్టకూడదు. వైఫైకి ఛానెల్ మార్చుకోవచ్చు, లేదా కంప్యూటర్‌ని ఇంకో బ్యాండు మీదకి, ఫోన్ జోలికి రానిదాని మీదకి, మార్చుకోవచ్చు. ఇలా చెప్తూనే ఫోన్ దిమ్మని భోజనాల గదిలోకి మార్చాను, ఛానెల్ మార్చాను. చెల్లెలికి ఫోన్ చెయ్యమన్నాను. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, ఆయన కంప్యూటర్లో బొమ్మ ఆడుతూనే ఉంది.

"ఓస్, ఇంతేనా!" అంది ఆవిడ.

ఇరవై నిమిషాలు పట్టింది అక్కా. గడియారం చూశాను.

మన ఇంట్లోనూ ఇదే రోగం. నువ్వు అమ్మకి కొనిచ్చిన ఫోన్, పెద్ద పెద్ద అంకెలున్నది, దాని దిమ్మ హాల్లో నా వైఫై పెట్టె పక్కనే ఉండేది, టెలిఫోన్ లైను అక్కడికే వచ్చింది కాబట్టి. చేతిలో పట్టుకునేది అమ్మ దగ్గర, కిటికీ పక్క కుర్చీలో. సెల్‌ఫోన్ అద్దం తన వేలి మాట వినదని ఎప్పుడూ గొణిగేది కదా, ఈ ఫోనంటే మాత్రం ప్రాణం. ఎవరు చేసినా, ఎవరికి చేసినా నా లైను ఢామ్మని పడిపోయేది. ఆఫీసులో పైవాడు రెండుసార్లు పిలిచి చీవాట్లు పెట్టాడు. మూడోసారి జరిగితే ఇంటినుంచి పని కట్ అన్నాడు. ఆ పని పోతే మధ్యాహ్నాలు అమ్మని చూసేవాళ్ళు లేరు, నీ మరదలు కూడా మధ్యాహ్నం బడికి వెళ్తే ఐదు దాటాకే వస్తుంది.

దిమ్మని వెనక గదిలోకి మార్చాలంటే గోడకి కన్నం వేసి వైరు లాగాలి. అది కాకపోతే కనీసం ఛానెల్ అయినా మార్చాలి. ఊరందరికీ చేసేవాణ్ణి, మన ఇంటికి వచ్చేసరికి "ఆదివారం చూద్దాంలే" అన్నాను. అలా నాలుగు నెలల ఆదివారాలు పోయాయి. ఈలోపు సులువైన ఉపాయం ఒకటి పట్టాను. రెండింటికి దిమ్మ ప్లగ్గు పీకెయ్యడం, ఐదింటికి మళ్ళీ పెట్టడం. అమ్మకి చెప్పలేదు. చెప్తే "నా ఫోన్ నీకంత అడ్డమైపోయిందా" అంటుందని. ఎలాగూ ఆ వేళకి కునుకు తీస్తుంది కదా అనుకున్నాను.

ఇక ఆ మంగళవారం. నువ్వు ఇంటి ఫోన్‌కి చేశావు. దిమ్మకి కరెంటు లేకపోయినా అవతల చేసినవాళ్ళకి మోగుతున్నట్టే వినిపిస్తుంది. నాలుగుసార్లు చేశానన్నావు. మన ఇంట్లో చిన్న చప్పుడు కూడా లేదు. తర్వాత నా సెల్‌కి చేశావు, మూడు కావస్తోంది. నా చెవుల్లో హెడ్‌సెట్, అవతల ఒకాయన ఇంతెత్తున లేస్తున్నాడు. నువ్వు "అమ్మకివ్వరా, తనతో మాట్లాడాలి" అన్నావు. లేచి ఆ గదిలోకి వెళ్ళి నా సెల్ ఇస్తే నువ్వేడుస్తావు, అమ్మేడుస్తుంది, అరగంట. నాకా అరగంట లేదు. "అమ్మ నీతో మాట్లాడనంటోంది, తర్వాత చూద్దాంలే" అని పెట్టేశాను.

అమ్మని అడగలేదు అక్కా. ఆ మాట అమ్మది కాదు, నాది. నిన్ను వదిలించుకోవడానికి నోటికొచ్చింది అనేశాను. అప్పటికి మూడు నెలలుగా మీ ఇద్దరికీ మాటల్లేవు కాబట్టి నువ్వు నమ్ముతావని కూడా తెలుసు.

సాయంత్రం మీ ఇద్దరినీ కలుపుదామనుకున్నాను, ఒట్టు. ఐదింటికి అమ్మ నిద్రలో ఉంది. ఈలోగా ఒక ఇంటి లైను పూర్తిగా పోయిందని పిలిస్తే పరుగెత్తాను. ప్లగ్గు సంగతే మర్చిపోయాను. మర్నాడు పొద్దున్నే బయటపడ్డాను, మధ్యాహ్నం వచ్చి కూర్చుంటే లైను తెగలేదు, బానే ఉందనుకున్నాను. ఎందుకు బావుందో ఆలోచించలేదు. నా వృత్తే అది, చూశావా.

బుధవారం సాయంత్రం టీ ఇవ్వడానికి వెళ్తే అమ్మ ఒళ్ళో ఆ ఫోన్ పెట్టుకుని కూర్చుంది.

"ఇది మోగట్లేదేంట్రా రెండు రోజులుగా?" అంది.

"ఎవరూ చెయ్యట్లేదేమో. నువ్వే చెయ్యొచ్చుగా ఎవరికైనా" అన్నాను.

"చేశాను. పెద్దదానికి నిన్నట్నుంచీ చేస్తూనే ఉన్నాను. నొక్కితే కుయ్‌కుయ్‌మంటోంది, పలకదు. కోపం తగ్గలేదేమోరా దానికి. కట్ చేసేస్తోందేమో."

అప్పుడు గుర్తొచ్చింది నాకు ప్లగ్గు. ఒక్క మాట చెప్తే అయిపోయేది, అది కట్ చెయ్యలేదమ్మా, నిన్న నాలుగుసార్లు చేసింది, తప్పు నాది అని. చెప్పలేదు. చెప్తే నీతో ఆడిన అబద్ధం కూడా బయటపడుతుంది. "తగ్గుతుందిలే అమ్మా" అన్నాను. హాల్లోకి వచ్చి చప్పుడు కాకుండా ప్లగ్గు పెట్టేశాను. రేపెలాగూ వాళ్ళిద్దరే మాట్లాడుకుంటారు, నా సంగతి ఎవరికీ తెలీకుండా గడిచిపోతుంది అనుకున్నాను. నిజంగా సంతోషించాను కూడా, గండం గడిచిందని.

గురువారం తొమ్మిదిన్నరకి నేను వేరే ఇంట్లో నిచ్చెన మీద ఉండగా నీ మరదలు ఫోన్ చేసింది. తర్వాతది నీకు తెలుసు. నువ్వు వచ్చి అమ్మ కాళ్ళు పట్టుకుని "ఒక్కసారి మాట్లాడితే నీ సొమ్మేం పోయిందే" అని ఏడుస్తుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను. నెలన్నరైంది, ఇంకా చెప్పకుండానే ఉన్నాను. నువ్వు ఉత్తరం రాయకపోతే ఎప్పటికీ చెప్పేవాణ్ణి కాదేమో. అది కూడా తెలుసుకో.

నీ మరదలికి నిన్న చెప్పాను. వింటూ వింటూ లేచి వెళ్ళి పిల్లకి జడ వేసింది. తర్వాత వచ్చి "ఫోన్లో చెప్పకండి, రాయండి, వదినకి మళ్ళీ మళ్ళీ చదువుకోవడానికి ఉంటుంది" అంది. అందుకే ఒక్క ముక్క కూడా వదలకుండా రాస్తున్నాను. ఇంకొకటుంది, అది దాచడానికి నాకు హక్కు లేదు.

ఆ బుధవారం టీ గ్లాసు తీసుకుంటుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అచ్చంగా ఆవిడ మాటలే రాస్తున్నాను, నువ్వడిగినట్టు. "ఆ ఆపరేషన్ చేయించుకుంటాన్రా. అది అంత అరుపు అరిచిందంటే నేను బతకాలనేగా. ఇన్నాళ్ళూ డాక్టర్లు చెప్తే ఎక్కలేదు, అది తిడితే ఎక్కింది. కానీ నువ్వు అప్పుడే ఎవరికీ చెప్పకు. ముందు దానికి నా నోటితో నేనే చెప్పాలి."

ఆ రెండు రోజులూ అమ్మ నీకు చేస్తూ వచ్చింది ఇందుకే.

ఇట్లు,
నువ్వు కాదనకపోతే,
నీ తమ్ముడు