మంచం కింది డబ్బా

చెన్నూరు, 1961

మార్చి 6
చర్చి అయ్యగారు దవాఖానకే వచ్చి ఉత్తరం చేతిలో పెట్టిన్రు. జూన్‌లో ఓడ. ఇంగ్లండులో మూడు నెలలు, కాన్పుల పనిలో కొత్త పద్ధతులు నేర్చుకొని రావాలట. మిషన్ వాళ్ళు నా పేరే రాసిన్రు.
"యాభై ఏండ్లదాన్ని, నేనెందుకు అయ్యగారూ?"
"నీకు తొవ్వ ఎరుకనే గదా రూతమ్మా."
ఎరుకనే. ఇరవై ఐదేండ్ల కింద ఏడాది పాటు అక్కడే చదివిన.

మార్చి 9
పొద్దున ప్రార్థనలో మనసు నిలవలేదు. ఆ హాస్టల్ వంటిల్లే కళ్ళ ముందు... బొగ్గుల పొయ్యి, కిటికీ అద్దం మీద మంచు, ఎల్సీ. వంటపిల్ల, నా ఈడుదే. చలికి కొంకర్లు పోయిన నా చేతులు తన చేతుల్లోకి తీసుకొని రుద్దేది. నాకు ఊలు అల్లడం నేర్పింది. నేనేమో తెలుగులో ఒకటి నుంచి పది దాకా నేర్పిన. తొమ్మిది దగ్గర నాలుక తిరిగేది కాదు. ఆగిపోయి నవ్వేది. ప్రతిసారీ.

మార్చి 12, ఆదివారం
చర్చిలో ఆడవాళ్ళు అనుకున్నరట — నేను బయలుదేరే దాకా ఇంటింటి నుంచి చర్చి గంపలో పోసే పిడికెడు బియ్యం అమ్మిన పైసలు నా ప్రయాణానికే. వద్దంటే వినలేదు. ఎప్పటిలెక్క నా ఇంగ్లండు పిడికెడు ముచ్చట చెప్పమన్నరు. చెప్పిన. ఎసట్లో పొయ్యకముందే పిడికెడు దేవునికి తియ్యాలని చిన్నప్పుడు అవ్వ నేర్పింది కదా. ఆ చెయ్యి ఇంగ్లండు పోయినా ఊకుంటదా? జావ కాచే వంతు నాదైనప్పుడల్లా పిడికెడు ఓట్స్ బిస్కెట్ల డబ్బాలో వేసేదాన్ని. ఆదివారం చర్చికి పట్టుకపోతే అక్కడ గింజలు పోసే గంపే లేదు! మళ్ళీ తెచ్చి మంచం కింద పెట్టుకున్న.
మరదలు శాంతమ్మ అందరినీ నవ్వించింది: "దొరసానుల దేశం పోయి గుర్రాల దాణా దాసుకున్నదమ్మా మా వదినె!"
ఎప్పుడు చెప్పినా అక్కడే ఆపుతా.

మార్చి 13
మిగిలింది ఈ పేజీకైనా చెప్పాలి.
డబ్బాకు ఎలుకలు మరిగినయి. వార్డెన్ మంచం కింద చూసింది. దొంగిలించినవా, ఎవరిచ్చిన్రు — అని గద్దించింది. దేవుని పిడికెడు అని చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు. దొంగ అని వెనక్కి పంపిస్తరని భయం. "ఎల్సీ ఇచ్చింది" అన్న.
ఎల్సీని పిలిచిన్రు. నా దిక్కు చూసింది. అవును, నేనే ఇచ్చిన అన్నది.
మరునాడు వంటింట్లో వేరే మనిషి.
నేను సర్టిఫికెట్ తీసుకొని ఇంటికొచ్చిన.

మార్చి 20
గ్రేసుకు రాసిన. హాస్టల్లో నా పక్క మంచం తనది, ఆ ఊరి పిల్లనే. ప్రతి క్రిస్మస్‌కూ కార్డు వేస్తది. ఎల్సీ బతికి ఉన్నదా, నేనొస్తే చూస్తదా, అడిగి రాయమన్న. ఇన్నేండ్లలో ఆ పేరు రాయడం ఇదే మొదలు.

ఏప్రిల్ 16, ఆదివారం
గంప నిండా బియ్యం. తెల్లగా, చెరిగిన బియ్యం. చూడలేకపోయిన. లేచి నిలబడి మొత్తం చెప్పిన. నా బదులు వేరేవాళ్ళను పంపమన్న.
ముసలి మల్లమ్మ — "గిన్నేండ్లు కడుపుల పెట్టుకొని బువ్వెట్ల తిన్నవు బిడ్డా?"
అయ్యగారు కండ్లద్దాలు తుడుచుకున్నరు. "ఇప్పుడైతే నువ్వే పోవాలె" అన్నరు. అంతే.

ఏప్రిల్ 17
శాంతమ్మ కూర తరుగుతూ, తల ఎత్తకుండానే — "గుర్రాల దాణా అని నేను ఊరంత నవ్విస్తి. ఒక్కమాట చెప్పకపోతివి వదినె."

ఏప్రిల్ 23
గంప మళ్ళీ నిండింది. మల్లమ్మ తన కొంగులో బియ్యం వేరే మూట కట్టింది. "గివి నీకు గాదు. గా పిల్లకు. మా చెన్నూరు బియ్యమని చెప్పు."

మే 3
పాస్‌పోర్టు వచ్చింది. ఫొటోలో నేను అచ్చం మా అవ్వనే.

మే 11
ఎల్సీకి చేతితొడుగులు అల్లుతున్న. చెమటకు ఊలు వేళ్ళకు అంటుకుంటుంది. "గీ ఎండల ఊలేంది వదినె, జర పిచ్చి లేసిందా?" — అనుకుంటూనే శాంతమ్మ విసనకర్ర పట్టుకొని పక్కన కూర్చుంది. ఎల్సీ చూపినట్టే మొదటి వరుస వదులుగా... చేతులు మరిచిపోలేదు.

మే 29
ఎల్లుండి మంచిర్యాలలో రైలు. పెట్టె కట్టిన. బైబిలు, ఊలు కోటు, తొడుగులు, మల్లమ్మ మూట.
మధ్యాహ్నం గ్రేసు ఉత్తరం. రెండుసార్లు చదివిన, మోకరించి ఇంకోసారి.
ఎల్సీ ఉన్నది. అదే వీధి చివర చిన్న రొట్టెల దుకాణం. వాతంతో వేళ్ళు వంకరపోయినయట — ఈ తొడుగులు పడతయో లేదో. నా పేరు చెప్తే చాలాసేపు పిండి పిసుకుతూనే ఉన్నదట. వస్తే చూస్తవా అంటే రొట్టెల పళ్ళెం తీసి పొయ్యిలో పెట్టిందట. గ్రేసు ఇక లేచి వస్తుంటే వెనక నుంచి ఏదో తెలియని భాషలో లెక్కపెట్టింది — వేళ్ళు మడుస్తూ, తొమ్మిదో వేలి దగ్గర ఆగిపోయిందట.
నవ్విందో లేదో గ్రేసు రాయలేదు.