మేష్ట్రు తీసిన మంగళవాడ టికెట్

1943 మార్చి 9, మంగళవారం, పావగడ

మీవల్లే. ఇంగెవురివల్ల? యాల చదువు ఇడిస్తివిరా అని నిన్న నిండు బస్సులో అడిగినారే గోపాలప్ప మేష్ట్రూ, అప్పుడు నోరు రాలా, ఇప్పుడు చెప్తాండా. ఏడో క్లాసులో పిల్లోళ్లంతా నన్ను అక్కా, అక్కా అని ఎగతాళి చేస్తాంటే మీరు బోర్డు పక్కకు తిరుక్కోని నవ్వినారు. భుజాలు అదిరింది చూసినా. మర్నాటి నుంచి బడికి రాలా. అంతే.

ఇప్పుడు నాకు ఇరవై ఒగటి. బొగ్గుల గ్యాసు బస్సులో క్లీనరు. యుద్ధమని పెట్రోలు లేదు. పొద్దున్నే బొగ్గులు పోసి, నిప్పు రగిలేదాకా బ్లోయరు తిప్పి తిప్పి రెట్టలు పడిపోతాయి. బడి కన్నా మేలు. బ్లోయరు నన్ను అక్కా అనదు.

మార్చి 10

అమ్మ లగ్నం ఖాయం చేసేసింది. ఉగాది అయినాంక. మంగళవాడ నరసప్ప మామ కూతురు హనుమంతమ్మ.

మార్చి 12, శుక్రవారం

వద్దంటే అమ్మ, పిల్లలో ఏం వంక ఉండాది చెప్పు అనింది. ఏమీ లేదు. మంచి పిల్ల. బస్సు మంగళవాడలో ఆగితే చాలు, వేయించిన శెనక్కాయలు తెచ్చి ఇస్తాది. డ్రైవరు ఎర్రప్ప సగం లాక్కుంటాడు, అల్లుణ్ణి మోసుకోనొచ్చిన కూలి అంట. మిగిలిన సగమూ ఆయప్పకే ఇచ్చేస్తా.

పెండ్లి వద్దంటాండానంటే నాకు ఎల్లమ్మ దేవత పట్టిందని అమ్మ నమ్మకం. ఇంగా వద్దంటే వచ్చే మంగళవారం తీస్కపోయి మెడలో ముత్యాలు కట్టించి దేవతకు ఇడిచేస్తాదంట. కట్టినాంక చీర కట్టుకోని, దేవత గంప ఎత్తుకోని ఊరూరా తిరగల్ల. జాతరలో అట్లాంటోళ్లను చూసినా. వాళ్ల మింద నాకేం లేదు. అది నేను కాదు. నా మీసమంటే ఇష్టం నాకు.

కానీ పోయినేడు గరిడీలో నాతో కుస్తీ పట్టే అంజినప్ప పెండ్లి చేసుకోని హిందూపురం పోతే నాకు ముద్ద దిగలా. ఫ్రెండు పోతే ఎవురూ అట్ల ఏడవరు. తెలుసు నాకు. ఎవురికీ చెప్పలా.

లగ్నానికి పనికిరాను, ముత్యాలకూ పనికిరాను. మరి నేనేంది?

మార్చి 14, ఆదివారం

కొట్లాడల్లనే మేష్ట్రు ఇంటికి పోయినా. పంచె పిండి ఆరేస్తాండాడు. అరుగు మింద కూచోమనినాడు. కూచోలా. నిలబడే అన్నీ కక్కేసినా, ఆ పొద్దు నవ్విందీ, ముత్యాలూ, లగ్నమూ, అంజినప్పా. ఆ పేరు నోట్లోనుంచి వచ్చినాంకే, అప్పుడు కూచున్నా.

మేష్ట్రు లోపలికి పోయి మజ్జిగ తెచ్చినాడు. నవ్వింది జ్ఞాపకముండాదంట. పిల్లోళ్లను గద్దిస్తే, మీకేల అంత నొప్పి అని ఊరోళ్లు తన్నే అనుమానిస్తారని భయపడినాడంట. మేష్ట్రుకు భయమా. నాకు నవ్వొచ్చింది, నవ్వలా.

మల్ల చెప్పినాడు. ఇన్నేండ్ల సర్వీసులో ప్రతి బ్యాచ్‌లోనూ నా మాదిరోళ్లను ఒగరినో ఇద్దరినో చూసినాడంట. రోగం కాదంట, గాలీ కాదంట, దేవతా కాదంట. చీర కట్టుకోవల్లనిపించేది ఒగటి, మగోని మింద మనసు పోయేది ఇంగొగటి, రెండూ ఒగటే అనుకోని బెదురుకోవద్దు అనినాడు. మరి నేనేందో చెప్పండని పట్టుబట్టినా. అది ఆయప్ప చెప్పేది కాదంట. తెలుసుకునేకి తొందర లేదు, బతుకంతా ఉండాది, లగ్నం మాత్రం ఆగదు, ముందు అది చూసుకో అనినాడు.

ఇంగొగటి అడిగినాడు. ఆ పిల్ల గతేంది అని. మజ్జిగ తాగకుండా వచ్చేసినా.

మార్చి 15

సాయంత్రం మేష్ట్రు మా ఇంటికొచ్చినాడు. అంజినప్ప ఊసు ఎత్తలా. పిల్లోనికి దేవత పట్టలా తల్లీ, తొందరపడద్దు అని మాత్రం అనినాడు. నీ పని అక్షరాలు దిద్దించేది, నా ఇంటి దేవుని సంగతి నీకేల స్వామీ అనింది అమ్మ. అనినా గాని వక్కాకు పెట్టి పంపింది.

మార్చి 16

మంగళవారం వచ్చింది, పోయింది. ముత్యాల మాట ఎత్తలా. లగ్నం మాట ఇడవలా.

మార్చి 18

ఎర్రప్ప చెప్పినాడు. వాళ్ల పిల్లోడు బళ్లో ఎవుర్నో అక్కా అంటే మేష్ట్రు పాఠం ఆపేసినాడంట. కొట్టలేదంట. ఆ మాట నా క్లాసులో ఇంగ వద్దు అని చెప్పి, అందరూ తల వంచినాంక మల్ల సుద్దముక్క తీసుకున్నాడంట.

శానా లేటు. సంతోషపడల్లనా కోపపడల్లనా తెలీలా. బ్లోయరు ఎంత బిరీన తిప్పినానంటే ఎర్రప్ప తిట్టినాడు.

మార్చి 19, శుక్రవారం

మామకు మీరే చెప్పండని మేష్ట్రును బతిమాలినా. కుదర్దంట. నోరు నీది, మాట నీది, నేను పక్కన కూచుంటా అనినాడు. వద్దని చెప్తే చాలంట. ఎందుకో, ఎంతవరకు చెప్పల్లో అది నా ఇష్టమంట. మామ కట్టె తీస్తే ఇద్దరికీ తగుల్తాది మేష్ట్రూ అన్నా. అట్లైతే చెరిసగం అనినాడు.

మార్చి 21, ఆదివారం, పొద్దున ఆరు

మేష్ట్రు ముందర సీట్లో కూచోనుండాడు. చంకలో గొడుగు. మంగళవాడకు టికెట్ తీసినాడు. చెప్పల్లనుకున్న మాటల్లో ఒగటీ గుర్తు రాలేదు. హనుమంతమ్మ శెనక్కాయలు పట్టుకోని నిలబడుంటాది. ముందు ఆ పిల్లకే చెప్పల్ల, మామకు కాదు. లగ్నం ఆ పిల్లది కూడా గదా. ఎర్రప్ప హారన్ కొడతాండాడు. బ్లోయరు తిప్పల్ల. పోవల్ల