నల్లరేగడి రిజర్వ్, పెట్టె నంబరు ముప్పై ఏడు

బెంగళూరు,
ఫిబ్రవరి 3

దాసన్న మామకు, మేనల్లుడు యేసుప్రసాద్ వందనాలు.

మీరు, అత్త బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటా అనుకోవద్దు. మీ ఇంట్లో ఫోన్ విశ్వాసమ్మ అత్త చేతిలో ఉంటుంది. స్పీకర్ పెట్టకుండా అత్త ఎప్పుడూ మాట్లాడలేదు. ఇది కమలాపురమంతా వినాల్సిన సంగతి కాదు.

దీంతోపాటు ఒక పెట్టె పంపుతున్నాను. నేను పనిచేసే సిగార్ల షాపు 'నల్లరేగడి రిజర్వ్' అని ఒక లిమిటెడ్ ఎడిషన్ విడుదల చేసింది. దేశం మొత్తానికి యాభై పెట్టెలే. మీకు వచ్చింది ముప్పై ఏడోది. మనిషికి ఒక్కటే అమ్ముతారు, షాపు సిబ్బందికి అసలు అమ్మరు. అందుకని దాచుకున్నదంతా పెట్టి మీ పేరు మీద కొన్నాను. మా రికార్డుల్లో మీరిప్పుడు 'విశిష్ట అభిరుచి గల పొగాకు రసికులు'. కోపం తెచ్చుకోవద్దు.

మీరు చేయవలసింది కొంచెమే. లక్క సీలు విప్పకూడదు. ఎండ తగలకూడదు. పెట్టె చుట్టూ ఎప్పుడూ వానాకాలమంత తేమ ఉండాలి. రెండేళ్లు అలా ఉంచితే మూడింతల ధర పలుకుతుంది.

మీ అల్లుడు
ప్రసాద్

తా.క.: పెట్టె మీద 'తీరిగ్గా ఆస్వాదించండి' అని రాసి ఉంటుంది. అది మీకు వర్తించదు.


కమలాపురం,
ఫిబ్రవరి 9

చిరంజీవి ప్రసాదుకు, మామ దాసన్న దీవెనలు.

పెట్టె అందింది. పోయిన నెల సంఘం మీటింగులో, చుట్ట తాగేవాళ్లకు చర్చిలో ఏ బాధ్యతా ఇవ్వకూడదని తీర్మానం చదివింది నేనే. ఆ సిరా ఆరకముందే నన్ను పొగాకు రసికుణ్ని చేశావు. చాలా సంతోషం.

నల్లరేగడి అని పేరు పెట్టిన మహానుభావుడెవరో కానీ, వాన పడిన మర్నాడు చెప్పులేసుకొని ఒక్కసారి ఆ నేలలో నడిచి ఉంటే వేరే పేరు పెట్టేవాడు. పోనీలే. వానాకాలమంత తేమ కావాలన్నావు. ఏ ఊరి వానాకాలమో రాయలేదు. మన ఊరిదైతే పెట్టెను పొయ్యి పక్కన పెట్టినా సరిపోతుంది. అయినా నీ మీది ప్రేమ కొద్దీ నీళ్ల కుండ దగ్గర తడి ఇసుక పోసి, దాని మీద పీట వేసి, పీట మీద కూర్చోబెట్టాను. ఇంటికొచ్చిన చుట్టానికి కూడా ఇంత మర్యాద జరగలేదు.

ఒక్కటి అర్థం కాలేదు. కొన్నవాడు తాగడు. వాడి దగ్గర కొనేవాడూ తాగడు. ధర పెరిగేకొద్దీ తాగేవాడు దూరమవుతాడు. మరి ఆ పొగాకు పండించిన రైతు ఎవరి కోసం పండించినట్టు? నీకు తీరికైతే మీ ఓనరును అడిగి రాయి.

మీ మామ
దాసన్న

తా.క.: మీ అత్త పెట్టెను విప్పబోయింది. ఇంకేమీ తోచక, 'అది ప్రసాదు దేవునికి ప్రతిష్ఠించిన మొదటి ఫలం, మనం ముట్టరాదు' అన్నాను. అప్పటి నుంచి రోజూ దాని పక్కనే మోకరించి నీ కోసం ప్రార్థన చేస్తోంది. సంఘ పెద్ద చెప్పిన అబద్ధం కదా, గట్టిగా పనిచేస్తోంది.


బెంగళూరు,
ఫిబ్రవరి 17

దాసన్న మామకు ప్రసాద్ వందనాలు.

మీ తెలివికి జోహార్లు. కానీ ఒక చిక్కు వచ్చింది. పెట్టెలు కొన్నవాళ్లలో కొందరు వారం తిరక్కుండానే అమ్మేశారట. మా ఓనరుకు అనుమానం పుట్టి, కొన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి చూసి రమ్మని మా షాపు మేనేజరు శివజ్యోతి మేడమ్‌ను పంపుతున్నాడు. మార్చి మొదటి వారంలో మీ దగ్గరికి వస్తుంది. సీలు చెదరని పెట్టెను చేతిలో పెట్టి మిమ్మల్ని ఫోటో తీసుకుంటుంది. పెట్టె లేకపోయినా, అది నాదని తెలిసినా నా ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు ఏప్రిల్‌లో పెళ్లీ పోతుంది. క్రిస్టినా వాళ్ల నాన్న నన్ను చూసి పిల్లనివ్వడం లేదు మామా, నా మెడలోని ఐడీ కార్డు చూసి ఇస్తున్నాడు. నిజంగా భయంగా ఉంది.

మేడమ్ రుచి గురించి అడిగితే, 'మొదట తోలు వాసన, చివర్లో ఎండు ఖర్జూరపు తీపి' అనండి. అంతకు మించి మాట్లాడొద్దు.

మీ అల్లుడు
ప్రసాద్

తా.క.: అత్తను ప్రార్థన ఆపొద్దని చెప్పండి. మనలో ఎవరో ఒకరు చేస్తుండడం మంచిది.


కమలాపురం,
ఫిబ్రవరి 24

చిరంజీవి ప్రసాదుకు దీవెనలు.

ఈ ఉత్తరం కూర్చొని చదువు.

మొన్న ఆదివారం మన చర్చిలో కోత పండుగ. పట్నం పోయినాక మరిచావేమో, ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, ఆ డబ్బు చర్చికి. వేలం నడిపేది నేనే కాబట్టి శనగల మూటతో ముందే వెళ్లాను. వెనక మీ అత్త వచ్చింది. నెత్తి మీద గంప, గంపలో రెండు గుమ్మడికాయలు, ఒక కోడిపెట్ట, నీ పెట్టె.

దేవునికి ప్రతిష్ఠించిన మొదటి ఫలమని చెప్పింది నేనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. పాస్టరుగారు పెట్టెను రెండు చేతులా పైకెత్తి, బెంగళూరు పోయినా దేవుణ్ని మరవని బిడ్డ అని నీ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. చర్చి అంతా ఆమేన్ అంది. ఆ ఆమేన్ తర్వాత లేచి, 'అయ్యగారూ, అందులో ఉన్నది పొగాకు' అని చెప్పగల మగవాడు కడప జిల్లాలో లేడు.

లిమిటెడ్ ఎడిషన్ల గురించి నాకు పాఠం చెప్పావు. నాయనా, పోయినేడు ఇదే వేలంలో ఒక నిమ్మకాయ తొమ్మిది వందలకు పోయింది. అంగట్లో దాని ధర నాలుగు రూపాయలు. దాన్ని కొనుక్కున్నది ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైన జోసెఫ్. నిమ్మకాయ కోసం కాదు, ఎదుటివాడికి దక్కకూడదని. మీ షాపు ఈ మధ్య కనిపెట్టింది మా సంఘంలో తాతల నాటి నుంచి ఉంది.

నీ పెట్టె వంతు వచ్చింది. లోపలేముందో ఎవరికీ తెలియదు. వేలం నడిపేవాడే పాట పాడడం మన చర్చిలో ఎన్నడూ లేదు, నేను పాడాను. ఐదు వందలన్నాను. జోసెఫ్ తల తిప్పి నా ముఖం చూశాడు. దాసన్నకు కావాలంటే అది తనకూ కావాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాడు. నేను శనగలమ్మిన డబ్బు దాకా వెళ్లాను. అతను పింఛను దాకా వెళ్లాడు. మూడోసారి అని నేనే చెప్పి, పెట్టెను నా చేతులతోనే అతనికిచ్చాను.

మీ మామ
దాసన్న

తా.క.: కోడిపెట్ట మాకే దక్కింది. ఆ సంగతి మీ ఓనరుకు పనికొస్తే చెప్పు.


బెంగళూరు,
ఫిబ్రవరి 27

మామా,

వందనాలు. ఎలాగైనా పెట్టెను తిరిగి తెండి. జోసెఫ్ గారి కాళ్లు పట్టుకోండి. మేడమ్ ఆరో తేదీన బయలుదేరుతోంది. సీలు విప్పితే అంతా అయిపోతుంది. క్రిస్టినాతో ఫోన్లో మాట్లాడలేక జ్వరమని చెబుతున్నాను.

ప్రసాద్

తా.క.: ఇప్పుడు నిజంగానే జ్వరం వచ్చింది.


కమలాపురం,
మార్చి 8

చిరంజీవి ప్రసాదుకు మామ దీవెనలు.

ముందు జ్వరానికి మాత్ర వేసుకో. నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు.

జోసెఫ్ కాళ్లు పట్టుకోమన్నావు. పట్టుకున్నంత పనీ చేశాను. నేను అడిగినకొద్దీ అతను పెట్టెను ఇంకా పై అరలోకి జరిపాడు. చివరికి బైబిలు పక్కన పెట్టాడు, అక్కడైతే నేను చెయ్యి వేయనని.

శివజ్యోతి మేడమ్ తెల్ల కారులో దిగింది. తెలుగు మాట్లాడుతుంది కానీ, నోట్లో వేడి ఉగ్గాని ముద్ద పెట్టుకున్నట్టు మాట్లాడుతుంది. పెట్టె భద్రత కోసం జోసెఫ్ ఇంట్లో ఉంచానని చెప్పి తీసుకెళ్లాను. కారు వెంట సగం సంఘం నడిచి వచ్చింది. బెంగళూరు నుంచి ఒక మేడమ్ తన పెట్టెను వెతుక్కుంటూ వచ్చిందనేసరికి జోసెఫ్‌కు ఛాతీ పొంగింది. ఫోటో తీసుకుంటానంటే ఒప్పుకోలేదు.

"ఇంత దూరం వచ్చినారంటే లోపల ఏందో ఉండాది. ముప్పై ఏండ్లు కండక్టరు చేసినా. టికెట్టు చూడకుండా ఎవర్నీ కూర్చోనీలే. విప్పి చూస్తా."

నేను వద్దనేలోపే వద్దన్నది మేడమ్. ఆమె ముఖం చూడాలి, సున్నం కొట్టిన గోడ. విలువ పోతుందంది, మనకు అరిష్టమని కూడా అంది. జోసెఫ్ జనాన్ని వరండాలో ఉంచి, మా ఇద్దర్నీ లోపలికి పిలిచి తలుపేశాడు. కొడవలి మొనతో సీలు లేపాడు.

లోపల నల్ల మఖ్మల్ గుడ్డ. దాని మీద 'మీ అభిరుచికి కృతజ్ఞతలు' అని బంగారు అక్షరాల కార్డు. దాని కింద, తూకానికి, ఒక చెక్క ముక్క. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మాకు ఎలుక కూడా దొరకలేదు.

మేడమ్ కుర్చీలో కూలబడి నిజం చెప్పింది. తాగుతారని తెలిసినవాళ్లకు సిగార్లున్న పెట్టెలు పంపుతారట. దాచుకునేవాళ్లకు ఇవి పంపుతారట. ఎవరూ విప్పని పెట్టెలో సరుకు పెట్టడం దండగ కదా అని ఓనరు లెక్క. ఇంతవరకు ఏ ఒక్కరూ విప్పలేదట. కడప జిల్లాకు పంపినప్పుడే భయపడ్డానంది.

నాకు నవ్వు ఆగలేదు. జోసెఫ్ నవ్వలేదు. చాలాసేపు ఆ చెక్క ముక్కను తిప్పి తిప్పి చూశాడు. బయట జనం గొంతులు వినపడుతున్నాయి. పింఛను డబ్బు పోసి చెక్క ముక్క కొన్నాడని తెలిస్తే, చచ్చేదాకా ఊరు ఊరుకోదు. అతను కార్డు, గుడ్డ సర్ది మూత పెట్టాడు. అగ్గిపుల్ల గీసి లక్కను కరిగించి బొటనవేలితో అదిమాడు. తలుపు తీసి వరండాలోకి వెళ్లాడు.

"శానా గొప్ప సరుకప్పా. చెప్తే మీకు అర్థమయ్యేది కాదు."

అందరూ తలలూపారు. పాస్టరుగారు స్తోత్రం అన్నారు. మేడమ్ కళ్లు తుడుచుకొని జోసెఫ్‌ను పెట్టెతో ఫోటో తీసుకుంది. నా పేరు కొట్టేసి అతని పేరు రాసుకుంది. ఇలాంటి నిఖార్సైన అభిరుచి గలవాళ్లు దేశంలో ఇంకెక్కడా కనబడలేదని, కడప మార్కెట్టు తెరిచిన ఘనత ఆ పెట్టె అమ్మిన ప్రసాదుదేనని రిపోర్టు రాస్తానంది. నీకు జీతం కూడా పెరగవచ్చట. క్రిస్టినా వాళ్ల నాన్నకు చెప్పు.

నువ్వు దాచుకున్నదంతా చెక్క ముక్కకు పోయింది. జోసెఫ్ పింఛను మన చర్చి పైకప్పు రేకులకు వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా లాభపడింది దేవుడొక్కడే. ఇకమీదట ఆ కౌంటరు వెనక నిలబడి నువ్వు అమ్ముతున్నదేమిటో తెలిసి అమ్ము, లేదా మానుకో. నీకు నీతులు చెప్పే అర్హత పోయిన నెలే పోగొట్టుకున్నాను.

పెళ్లికి నేనూ మీ అత్తా రెండు రోజుల ముందే వస్తాం.

మీ మామ
దాసన్న

తా.క.: ఊళ్లో జనం రోజూ జోసెఫ్ ఇంటికి వెళ్లి పెట్టెను చూసి వస్తున్నారు. సంఘ పెద్దను నేను, నా ఇంటికి ఎవరూ రావడం లేదు. వచ్చే విడుదలలో నా పేరు మీద ఒక పెట్టె రాయించు. నంబరు మాత్రం ముప్పై ఏడుకు ముందుది కావాలి. ఖాళీదే పంపు, ఇంట్లో పొగాకు ఉంటే బాగుండదు.