ఆల్బంలో బంతిపూలు

మే 10, 2005
ఫొటోషాప్‌లో కొత్త ఎఫెక్ట్ — కెలైడోస్కోప్. ఫొటోలోంచి చిన్న ముక్క ఇస్తే చాలు, చుట్టూ తిప్పి పెద్ద పువ్వు చేసేస్తుంది. సుజాత పెళ్ళి ఆల్బంకు బ్యాక్‌గ్రౌండ్ ఇదే. పాత ఫొటోల్లోంచి మా స్టూడియో ఓనరు బాషన్న కోసిపెట్టుకున్న ముక్కలున్నాయి కదా, పట్టు అంచులు, తోరణాలు... అందులోంచి బంతిపూల దండ ఒకటి తీసుకున్నాను. అబ్బ, ఏం రంగు! పువ్వు మధ్యలో గోధుమ రంగు కేసరాలు కూడా వచ్చాయి.
బాషన్న చూసి — "ఏం పాపా, తాడిపత్రిలో ఇట్లాంటిది ఎవురన్నా చేసినారా!" స్టూడియోలో చేరాక ఆయన నోట మొదటి మెప్పు.

మే 16
ప్రింటు వచ్చింది. ఆల్బం ఇచ్చేశాం.

మే 18
సుజాత వాళ్ళమ్మ వచ్చింది. "ఆ పువ్వు ఒగటే పెద్ద ఫ్రేము కట్టియ్యమ్మా. చానా కళగా ఉండాది." సరేనని జూమ్ చేశాను.
కేసరాలు కావు. వేళ్ళు.
చూపుడు వేలు సగమే ఉంది. బండలు కోసే మిషన్‌లో పోయిన వేలు...
నాయన.
అయ్యో, అయ్యో. మౌస్ వదిలేసి బాషన్నను పిలిచాను.
బాషన్న తల వంచుకున్నాడు. "మీ నాయనదే పాపా. పానం పోయిన దినం కుర్చీలో కూచోబెట్టి, దండేసి తీసిందే. మొగం వరకూ ఫ్రేముకు కోసి, ఫొటోలోనే కండ్లు తెరిపిచ్చినా. కింది ముక్కలో పూలు బాగుండాయని పెట్టుకున్యా. నీకు చెప్పల్లని తోచలే."
ఆ రోజు నేను లోపల స్పృహ లేకుండా పడి ఉన్నాను. ఆ దండ చూడనే లేదు. మా గోడ మీద నాయన కళ్ళు తెరిచి చూస్తుంటాడు, అంతే నాకు తెలిసింది.
శవం మీది దండ. కొత్త పెళ్ళికూతురి ఆల్బంలో, ప్రతి పేజీలో!
"చెప్పినావంటే ఆల్బం కాలబెడతారు. మన స్టూడియో గడప ఇంగెవురూ తొక్కరు. నోరు మూసుకో తల్లీ" అన్నాడు బాషన్న.
కాలబెడతారు. నాయన చేతిని ఇంకోసారి.

మే 19
అన్నం దిగలేదు. ఆ పిల్లకు ఏమన్నా అయితే?

మే 20
సుజాతే వచ్చింది, ఫ్రేము ఎంత పెద్దది కావాలో చెప్పడానికి. ఆల్బం ఒళ్ళో పెట్టుకుని పువ్వు నడుమ నిమురుతోంది. గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. ఆ చేతి కింద నాయన చెయ్యి. చెప్పేద్దామని నోరు తెరిచాను.
"అక్కా, ఈ పూలు యాడివి? మా ఇంటాయన అడగమన్నాడు."
"మా ఇంటివే" అన్నాను.
రేపు ఫ్రేము కోసం వస్తుందట.