ట్రంకుపెట్టెలోని రాణిగారు

సబ్‌వే మెట్ల కింద ముప్పై ఒక్క ఏళ్ళు బొమ్మ చేత మాట్లాడించిన ఆయన భార్యనైన నేను, వయస్సు డెబ్బై నాలుగు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, పొద్దుటి బీపీ మాత్ర తప్ప వేరే మందేదీ పుచ్చుకోకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా. చదువు నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకోండి, అర్థం మాత్రం మార్చకండి. రాయడానికి కూర్చోబోతూ స్టవ్ ఆపానో లేదో రెండుసార్లు చూసొచ్చాను. కాబట్టి మతి స్థిరంగానే ఉంది.

ఇది అమలు జరపవలసినది మా అమ్మాయి.

1. ఇల్లు అద్దెది, రాసేందుకు లేదు. గోడలకున్న మేకులు మాత్రం మనవి. అమ్మాయీ, పీకిన చోటల్లా సున్నంతో పూడ్చు. ఇంటాయన నోరు మంచిది కాదు.

2. కుట్టుమిషను అమ్మాయికి, సర్వహక్కులతో. దీని మీద నీకు ఏడాదికి రెండు గౌన్లు కుట్టాను. ఆ కొయ్యమొహందానికి, అదే మీ నాన్న బొమ్మ రాణిగారికి, నెలకొకటి కుట్టాను. నాకు తెలుసు. నువ్వూ లెక్కపెట్టుకునే ఉంటావు.

3. నీలం మఖమల్ శాలువా కూడా అమ్మాయికే. ఒక కొస మూరెడు తక్కువ ఉంటుంది. ఎలక కొట్టిందనుకోకు. సంగతి ఏడో అంశంలో ఉంది.

4. అల్లుడికి రెండు పెద్ద తాళాలు, టార్చిలైటు, గొడుగు. బాబూ, పడుకునే ముందు గడియ వేశానంటావు, వెయ్యవు. నేను వచ్చినప్పుడల్లా లేచి వేసింది నేనే.

5. మెట్ల దారికి అవతలి కొసన వాయించే ఫ్లూటు మాస్టారికి మా మడత కుర్చీ. "వదినా, అన్నయ్య కాపురం రాణిగారితో, మీరు ఉత్త వంటమనిషి" అని ఇరవై ఏళ్ళు నవ్వించాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. క్షమించలేదు. కానీ ఆయనకు మోకాళ్ళ నొప్పులు, నిలబడి వాయించలేడు.

6. మిగిలిన సామానంతా మా ఆయన బతికినంత కాలం ఆయన అనుభవించవలసినది. మాత్రలు సీసాలో కాదు, చేతిలో పెట్టాలి, లేకపోతే వేసుకోడు. స్నానాల గదిలో తడి తుడిచాకే లోపలికి పంపాలి. దగ్గు వస్తే కిటికీ మూయాలి. ఆయన అడగడు. ఆరేళ్ళుగా ఏదీ అడగడు. ఎందుకో ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

7. మంచం కింది ట్రంకుపెట్టెలో, రెండు కంబళ్ళ అడుగున, రాణిగారు ఉంది. చెత్తబండిలో వేశారని నేను చెప్పింది అబద్ధం.

ఆయన ఇంట్లో మాటల మనిషి కాదు. కూర బాగుంటే "ఊఁ", బాగులేకపోతే "ఊహూఁ". అదే మెట్ల కింద కూర్చుని, చెయ్యి దాని వీపులో పెట్టాడంటే ఆగేవాడు కాదు. వర్షం గురించి, రాజుల గురించి, ప్రేమ గురించి గంటలు గంటలు. అది నన్ను "అక్కా" అని పిలిచేది. నేను రేకు పళ్ళెం పట్టుకుని జనంలో తిరుగుతుంటే వెనకనుంచి "అక్కా, మా ఆయన్ని రాత్రికి నాకొదిలెయ్యవే, నీ పక్కన ఎటూ గురకే పెడతాడు" అనేది. ఆ గొంతు ఆయనదేనని నాకు తెలియదా? తెలుసు. అందుకే మండేది. ఆ సరసం నాతో ఒక్కసారైనా ఆడలేదే అని.

కార్పొరేషన్ వాళ్ళు వీధుల్లో, సబ్‌వేల్లో ఆటపాటలు వద్దన్న ఏడాది, ఒక మధ్యాహ్నం వ్యాను వచ్చింది. హార్మోనియం లాక్కున్నారు, గారడీవాడి బంతులు లాక్కున్నారు. ఇద్దరు పట్టుకుని రాణిగారిని లాగారు. ఆయన వదల్లేదు. "అయ్యా, నన్ను తీసుకుపోకండి, నాకు నడవడానికి కాళ్ళు లేవు" అంది అది. జనం ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారడం చూసింది నేనొక్కదాన్నే.

ఆయన పేరున రాసిన రసీదు నా చేతికిచ్చారు. ముప్పై రోజుల్లో జరిమానా కట్టి తీసుకెళ్ళమన్నారు. ఇంటికొచ్చాక రాణిగారిని ఏం చేశారని ఆయన అడగకముందే, చెత్తబండిలో పారేశారట అనేశాను. అది లేకపోతే ఆ మాటలన్నీ ఇంక నాతోనే మాట్లాడతాడనుకున్నాను. నా ఆశ అంతే.

మాట్లాడలేదు. "ఊఁ" కూడా మానేశాడు.

ఇరవై తొమ్మిదో రోజున భయం పట్టుకుంది, నిజంగానే చెత్తబండిలో పారేస్తారేమోనని. వెళ్ళి జరిమానా కట్టి, దుప్పట్లో చుట్టి తెచ్చాను. రేపు ఇద్దామనుకున్నాను. ఇన్నాళ్ళూ ఎక్కడుందే అంటే ఏం చెప్పను? మర్నాడు ఇంకొంచెం కష్టమైంది. అలా ఆరేళ్ళు. మధ్యలో కార్పొరేషన్ వాళ్ళు పరీక్ష పెట్టి కొందరికి అనుమతి కార్డులిచ్చారు. ఫ్లూటు మాస్టారికి వచ్చింది. చేతిలో బొమ్మ లేదని మా ఆయన వెళ్ళలేదు. ఆ పాపమూ నాదే.

పోయిన వారం తెరిచి చూస్తే దాని గౌను పురుగు కొట్టింది. అలా ఇస్తే నేను సరిగా చూసుకోలేదంటారు. అందుకే శాలువా కొస కత్తిరించి కొత్త గౌను కుట్టాను. ఎంత కుళ్ళుకున్నా కుట్టు మాత్రం చక్కగానే కుదిరింది.

ఇందుమూలంగా ఆ బొమ్మను మా ఆయనకు రాస్తున్నాను. షరతు ఏమిటంటే, నేను పోయాక, నన్ను సాగనంపి వచ్చిన రెండు రోజులకు ఇవ్వాలి. ముందు ఇవ్వకూడదు. ఆ రెండు రోజులైనా ఆయన నాకోసం ఏడవాలి. అది చేతికొస్తే ఏడవడు.

8. పైదంతా నిన్న సాక్షులకు చదివి వినిపించాను. ఫ్లూటు మాస్టారు "వదినా, ముందు మీరే పోతారని మీకెవరు చెప్పారు?" అన్నాడు. కింది అంతస్తు టైలరమ్మ "పిన్నిగారూ, వీలునామాలో మన సొత్తు రాస్తాం గానీ, మొగుడి సొత్తు మొగుడికి రాయడమేమిటండీ?" అంది.

గ్యాసుకు భయపడతాను, గడియకు భయపడతాను, తడి నేలకు భయపడతాను. ఆయనకు ఎనభై. ఆ దగ్గు రోజూ వింటున్నాను. ఈ భయం మాత్రం నాకెందుకు రాలేదో!

కనుక ఏడో అంశంలో ఇచ్చిన షరతు, రాత రెండూ రద్దు. రాణిగారు నా ఆస్తి కాదు. సంతకం తడి ఆరగానే పెట్టె తెరుస్తాను. జరిమానా కట్టిన రసీదు ఆయన కోటు జేబులో పిన్నుతో గుచ్చుతాను, మళ్ళీ వ్యాను వస్తే చూపించడానికి. కార్డు పరీక్షకు మాస్టారు దగ్గరుండి తీసుకెళ్ళాలి. కుర్చీ ఇస్తున్నది అందుకే అనుకోవచ్చు.

ఆయన నన్ను తిడతాడు. తిట్టాలి. ఆ తిట్లు మాత్రం ఆయన తన నోటితో తిట్టాలి, దాని చేత తిట్టించకూడదు. నా ఆఖరి కోరిక ఇదొక్కటే. ఇది నేను బతికుండగానే అమలు కావాలి.

తేదీ: నవంబరు పదకొండు, మంగళవారం, పగలు పదిన్నర
సంతకం: (నా చేవ్రాలు, వంకరగా ఉన్నా నాదే)

సాక్షులు:
1. ఫ్లూటు మాస్టారు
2. కింది అంతస్తు టైలరమ్మ